ఫోకస్ అయితుంది, ఫొటో పడతలేదు: ఒక కెమెరా రిపేరు డైరీ

శుక్రవారం రాత్రి

మా బాబాయి కొడుకు తన కెమెరాను దుకాణంలో నా బల్ల మీద పెట్టి, "అన్నా, జర దీని సంగతి చూడు" అని పోయాడు. డీఎస్‌ఎల్‌ఆర్, అంటే లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకునే రకం. అందులో చిన్న మోడల్. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ తిప్పలు ఏ కంపెనీ కెమెరాకైనా వచ్చేవే. కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో లగ్గాలు, ఓణీల ఫంక్షన్లు, రిటైరైన సార్లకు సన్మానాలు, అన్నీ దీంతోనే తీస్తాడు. చేత్తో పట్టుకునే చోట రబ్బరు లేచిపోతే ఫెవిక్విక్‌తో అంటించి ఉంది. లెన్స్ మామూలు 18-55 మిల్లీమీటర్లది.

కంప్లయింట్ అతని మాటల్లోనే: "సగం ఒత్తితె బీప్ మంటది, పచ్చ చుక్క వస్తది. మొత్తం ఒత్తితె ఏం లేదు. సప్పుడే లేదు. గురువారం లగ్గం ఒప్పుకున్న."

ఫొటో తీసే బటన్‌ను సగం నొక్కితే ఫోకస్, మొత్తం నొక్కితే ఫొటో. బీప్, పచ్చ చుక్క ఫోకస్ కుదిరిందనడానికి గుర్తు.

నా దగ్గరికి రాకముందే ఒక దుకాణంలో చూపించాడట. చేతిలోకి తీసుకుని రెండుసార్లు నొక్కి, షటర్ పోయింది, మార్చాలె అన్నారట. చెప్పిన రేటు అతను కెమెరా కొన్న ధరకు కొంచెమే తక్కువ. విప్పింది లేదు, కొలిచింది లేదు.

నేను కెమెరాల మనిషిని కాను. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మిక్సీలు, యాంప్లిఫయర్లు, ఇన్వర్టర్ బోర్డులు బాగుచేస్తుంటాను. కానీ ఏ యంత్రమైనా "పని చేస్తలేదు" అంటే ఎక్కడిదాకా చేస్తున్నదో ముందు చూడాలి. ఫొటో పడకపోవడంలో మూడు రకాలున్నాయి. కెమెరాకు చేతకాకపోవచ్చు: అద్దం ఇరుక్కుంది, షటర్, అంటే తెరుచుకుని మూసుకునే తెర, దాని రేకు విరిగింది, బొమ్మను పట్టే సెన్సర్ పోయింది. చేతనై కూడా వద్దనవచ్చు: ఫోకస్ కుదరలేదు, కార్డు లాకైంది, బ్యాటరీ చాలలేదు. లేదంటే మనం అడిగిన సంగతే దానికి తెలియకపోవచ్చు. కాలింగ్ బెల్ మోగకపోతే ఇంట్లో మనుషులు లేరని కాదు కదా, బయట స్విచ్చే పోయి ఉండొచ్చు. ఆ దుకాణం వాళ్లు నేరుగా మొదటి రకానికి పోయారు. మూడింట్లో అన్నిటికన్నా ఖర్చయ్యేది అదే మరి.

నాకు అనుమానం తెప్పించింది ఆ "సప్పుడే లేదు" అన్న మాట. షటర్ ఇరుక్కుంటే అద్దమైనా కదిలి ఠక్కుమనాలి, లేదా స్క్రీన్ మీద ఎర్రర్ నంబరు రావాలి. తన మోటారు తిరగకపోతే కెమెరాకు తెలుస్తుంది, చెబుతుంది కూడా. ఇక్కడ మాటా లేదు, చప్పుడూ లేదు.

శనివారం పొద్దున

దుకాణం తెరవగానే మొదట కార్డు తీసి, అందులోని ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఇంకా ఆల్బమ్ చేయని ఒక సీమంతం అందులోనే ఉంది. రిపేరుకు వచ్చిన కెమెరాలో ముందు కాపాడాల్సింది కార్డు. కెమెరా పోతే ఇంకోటి కొనొచ్చు, ఆ సీమంతం మళ్లీ జరగదు.

బ్యాటరీ సంగతి త్వరగానే తేలింది. 7.4 వోల్టుల లిథియం ప్యాక్. నిండా చార్జయితే 8.4 దాకా చూపాలి, మీటర్‌లో ఎనిమిది దాటి ఉంది. ఊరికే పెట్టి కొలిస్తే ముసలి ప్యాక్ కూడా బాగానే చూపిస్తుంది, లోడ్ పడ్డప్పుడే దాని బండారం బయటపడుతుంది. అందుకని ఫ్లాష్ లేపి చార్జ్ చేయించాను. వోల్టేజీ కుంగలేదు, స్క్రీన్ ఆరిపోలేదు. బ్యాటరీని పక్కన పెట్టేశాను.

కార్డు పక్కనుండే చిన్న ప్లాస్టిక్ ముక్క పైకే ఉంది, అంటే లాక్ లేదు. కార్డు లేకుండా కూడా షటర్ కొట్టమనే సెట్టింగ్ మెనూలో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, కార్డు తీసి నొక్కాను. పడలేదు. సెల్ఫ్ టైమర్ ఆఫ్‌లో ఉంది, రిమోట్ మోడ్‌లో లేదు. లెన్స్ మీది స్విచ్‌ను ఎంఎఫ్‌కు, అంటే చేత్తో ఫోకస్ చేసుకునే పద్ధతికి తిప్పాను. అప్పుడు ఫోకస్‌తో పని లేదు, నొక్కగానే పడాలి. పడలేదు. లెన్స్ పూర్తిగా తీసేసి మాన్యువల్ మోడ్‌లో పెట్టి నొక్కాను. లెన్స్ వెనుక కెమెరాకు తగిలే బంగారు చుక్కలకు మురికి పట్టి మాట సరిగా అందకపోతే కూడా కెమెరా మొండికేస్తుంది, లెన్సే లేకపోతే ఆ గొడవ ఉండదు. అయినా పడలేదు. దాంతో "వద్దనడం" అన్న రకం దాదాపు తప్పుకుంది.

తరువాత లైవ్ వ్యూ బటన్, అంటే ఎదుటి బొమ్మను స్క్రీన్ మీదే చూపేది, నొక్కాను. ఠక్. అద్దం లేచింది, లెన్స్ పెట్టి చూస్తే స్క్రీన్ మీద మా దుకాణం సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ కనబడింది.

ఈ ఒక్క బటన్ చాలా చెబుతుంది. స్క్రీన్ మీద బొమ్మ రావాలంటే అద్దం పైకి లేవాలి, షటర్ తెర తెరుచుకోవాలి, సెన్సర్ బతికి ఉండాలి. మూడూ ఉన్నాయి. "షటర్ పోయింది" అన్న తీర్పు సగం ఇక్కడే కూలింది. సగమే. తెర తెరుచుకుని అలా ఉండడం వేరు, సెకనులో రెండు వందో వంతు లెక్కన తెరుచుకుని మూసుకోవడం వేరు. ఆ రెండోది తేలాలంటే నిజంగా ఒక ఫొటో తీయించాలి, అదీ ఫొటో తీసే బటన్ ముట్టకుండా.

శనివారం రాత్రి

దుకాణం షటర్ సగం దించి కూర్చున్నాను.

ఈ మోడల్‌కు పక్కన రబ్బరు మూత కింద వైరు రిమోట్ పెట్టుకునే చిన్న రంధ్రం ఉంది. 2.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్, అంతే. ఇప్పటి ఇయర్‌ఫోన్ పిన్ 3.5, దానికి ఇది తమ్ముడు. పాత డబ్బా ఫోన్ల హ్యాండ్స్‌ఫ్రీలకు ఈ సన్న పిన్ను వచ్చేది. అటువంటి వైర్లు నా దగ్గర ఒక డబ్బా నిండా పడి ఉన్నాయి. మా ఇంటావిడ ఏటా దీపావళికి పారేయమంటుంది.

ఈ రిమోట్ లోపల చిప్పూ లేదు, కోడూ లేదు. పిన్ను మొదలు భాగం గ్రౌండ్, నడిమి రింగ్ ఫోకస్, కొన షటర్. గ్రౌండ్‌కు రింగ్ తగిలిస్తే సగం నొక్కినట్టు, గ్రౌండ్‌కు కొన తగిలిస్తే పూర్తిగా నొక్కినట్టు. అన్ని కంపెనీలకూ ఇదే పద్ధతి కాదు. కొన్నింటికి జాక్ ఆకారమే వేరు, కొన్నింటికి లోపల లెక్కే వేరు. కాబట్టి ఎవరైనా చేసేముందు తమ మోడల్‌కు ఏది ఏదో చూసుకోవాలి.

హ్యాండ్స్‌ఫ్రీ వైరుతో చేసేవాళ్లకు ఒక మాట. దాన్ని మామూలు వైరులా పళ్లతో ఒలిచి తగిలిస్తే కనెక్షన్ రాదు. లోపలి రాగి పోగులు జుట్టుకన్నా సన్నం, ఒక్కో పోగు మీద ఎర్రది, ఆకుపచ్చది లక్క పూత ఉంటుంది, నడుమ నైలాన్ దారం కూడా కలిసి ఉంటుంది. మీటర్ పెడితే వైరు తెగిందనే అనిపిస్తుంది. కాయిల్ తీగకు చేసినట్టే దీనికీ చేయాలి: సోల్డర్ ఐరన్ బాగా వేడెక్కాక, కొన మీద సీసం బొట్టు నిలిపి, పోగుల చివరను అందులో ముంచి పట్టుకోవాలి. కాసేపటికి సన్నగా పొగ లేస్తుంది, లక్క కాలి వాసన వస్తుంది, ఎర్రగా ఉన్న కొన తెల్లగా మెరుస్తుంది. అప్పుడే సీసం పట్టినట్టు. నైలాన్ దారం కరిగి నల్ల ఉండ కడితే గోటితో గీకేయాలి.

రంగును నమ్మలేదు. ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా వేస్తుంది. మీటర్‌ను బీప్‌లో పెట్టి, పిన్నులో ఏ భాగానికి ఏ తీగో చూసి, టేప్ ముక్కలు చుట్టి గుర్తు పెట్టుకున్నాను.

కెమెరాకు పెట్టి ఆన్ చేసి, గ్రౌండ్‌కు మిగతా రెండింటికీ మధ్య వోల్టేజీ చూశాను. రెండింట్లోనూ మూడు వోల్టులు దాటి ఉంది. అంటే లోపలి సర్క్యూట్ ఆదేశం కోసం కాచుకునే ఉంది. లెన్స్‌ను గోడ మీది క్యాలెండర్ వైపు తిప్పి, రింగ్ తీగను గ్రౌండ్‌కు తగిలించాను. బీప్. అట్లనే పట్టుకుని కొన తీగను తగిలించాను.

ఠక్.

స్క్రీన్ మీద క్యాలెండర్. తేదీలు, కింద తిథులు, రాహుకాలం, అన్నీ చదివేంత స్పష్టంగా పడ్డాయి. షటర్ వేగం మార్చి మళ్లీ మళ్లీ తగిలించాను. ఒక సెకను పెడితే ఒక సెకను, నాలుగు వేలో వంతు పెడితే చిటికె. వేగం పెరిగినకొద్దీ బొమ్మ నల్లబడుతోంది, కానీ ఒక పక్క నల్ల పట్టీ రావడం లేదు. తెర రేకులు సమంగా నడుస్తున్నాయని దానర్థం. షటర్ బాగుంది, అద్దం బాగుంది, సెన్సర్ బాగుంది, కార్డులోకి రాయడం బాగుంది.

పోయింది బటన్ ఒక్కటే. అందులోనూ రెండో మెట్టే.

తమ్ముడికి ఫోన్ చేశాను. "షటర్ గాదా మరి?" అని మూడుసార్లు అడిగాడు. ఆ దుకాణం వాళ్లను కడిగేస్తానని ఎగిరాడు. వద్దులే, ముందు లగ్గం సంగతి చూద్దామన్నాను.

ఆదివారం

గురువారానికి బటన్ బాగయినా కాకపోయినా పని ఆగకూడదు. కాబట్టి ముందు రిమోట్.

దుకాణంలో కొన్న బటన్ అయితే ఒక్కదాంట్లోనే రెండు మెట్లుంటాయి. అది నా దగ్గర లేదు. చచ్చిన పాత డబ్బా టీవీ ముందు పట్టీలో వాల్యూమ్, చానెల్ మార్చే టిక్కు టిక్కుమనే చిన్న స్విచ్‌లుంటాయి, అవి రెండు పీకాను. ఒకటి ఫోకస్‌కు, ఒకటి షటర్‌కు. ఖాళీ అయిన వైట్‌బోర్డు మార్కర్ గొట్టంలో రెండు రంధ్రాలు పెట్టి కూర్చోబెట్టి, లోపల వైరు ముడి వేశాను, లాగితే సోల్డర్ మీద బలం పడకుండా. బొటనవేలు కిందికి షటర్, చూపుడువేలు కిందికి ఫోకస్ వచ్చేట్టు పెట్టాను. గొట్టాన్ని రెండు రబ్బరు బ్యాండ్లతో కెమెరాకు కట్టేయొచ్చు.

చూడ్డానికి బాగాలేదు. నాకైతే నచ్చింది.

సోమవారం

ఈరోజు బటన్ పని. విప్పాలా, విప్పకుండా చేయాలా అన్నది మొదటి ప్రశ్న.

ఈ తరహా బటన్ కింద సాధారణంగా మూడు పలుచటి లోహపు రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. సగం నొక్కితే పై రెండు తగులుతాయి, పూర్తిగా నొక్కితే మూడోది. చేతి చెమట, జిడ్డు, దుమ్ము బటన్ చుట్టూ ఉన్న సందులోంచి దిగి ఆ రేకుల మీద పొరలా కడతాయి. ఇంట్లో లైటు స్విచ్‌లో అయితే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేచి ఆ పొరను కాల్చేస్తుంది. ఇక్కడ ఉన్నది మూడు వోల్టులు, పారే కరెంటు లెక్కలోకి రానంత. రవ్వ లేవదు, పొర పోదు, రోజురోజుకూ మందమవుతుంది.

విప్పితే రేకులను నేరుగా తుడవొచ్చు. కానీ బటన్ ఉన్నది పై కప్పులో, ఫ్లాష్ ఉన్నదీ అక్కడే. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల పైచిలుకు ఉంటుంది, బ్యాటరీ తీసేసినా చాలాసేపు అట్లనే నిలిచి ఉంటుంది. టీవీలు విప్పే చేతులకు ఆ దెబ్బ కొత్త కాదు. అయితే కెమెరాలో జాగా బెత్తెడు కూడా లేదు, స్క్రూడ్రైవర్ జారి ఆ కాళ్లకు తగిలిందంటే మనిషికి షాకు, బోర్డుకు చావు. పైగా కాగితంలాంటి రిబ్బన్ కేబుళ్లు. మరీ తప్పనిసరి అయితేనే విప్పుదామని నిర్ణయించుకున్నాను.

కాబట్టి చుక్క వైద్యం. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే దుకాణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, అందరూ ఐపీఏ అంటారు. దీనికి బదులు ఇంట్లో ఉన్నది పోయొద్దు. చేతుల శానిటైజర్‌లో గ్లిజరిన్ కలుపుతారు, డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన తయారీలోనే అది 1.45 శాతం. ఆల్కహాల్ ఎగిరిపోయాక రేకుల మీద ఆ జిగురు మిగులుతుంది. తుప్పు వదలగొట్టే స్ప్రేలు నూనె పొర వదులుతాయి. నీళ్ల మాట అసలే వద్దు. అందులోనూ మా నల్లగొండ బోరు నీళ్లు ఆరితే ఇనుప బకెట్‌కే తెల్ల చారలు కడతాయి, రేకులకు ఏం గతి?

బ్యాటరీ, కార్డు తీశాను. బాడీకి మూత బిగించాను. బటన్ ఉన్న మూల కిందికి వచ్చేలా కెమెరాను వంచి, గుడ్డ చుట్టలో నిలబెట్టాను. మిగిలిన ద్రవం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ వైపు పాకకుండా బయటికి రావాలి. ఇన్సులిన్ సిరంజితో బటన్ చుట్టూ ఉన్న సందులో ఒకే ఒక చుక్క. వెంటనే బటన్‌ను లోతుగా, చకచకా నొక్కుతూ పోవాలి. రేకులు ఒకదానికొకటి రాసుకోవడమే ఇక్కడ శుభ్రం చేసేది, ఐపీఏ మురికిని నానబెడుతుంది అంతే. సందు అంచున ఇయర్ బడ్ పెట్టి బయటికి వచ్చింది పీల్చాలి.

బడ్ చివర నల్లగా వస్తుందనుకున్నాను. పసుపు పచ్చగా వచ్చింది.

భూతద్దం కింద పెట్టి చూశాను. బూడిద రంగు జిడ్డు, అందులో పసుపు. వంటింటి పసుపే, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఐపీఏ ఘాటు వెనుక వాసన కూడా తెలుస్తోంది. లగ్గాల కెమెరా కదా. తలంబ్రాలు పోసేటప్పుడు, ఒడిబియ్యం పోసేటప్పుడు వీడు జనంలోంచి దూరి మోకాళ్ల మీద కూర్చుని తీస్తాడు. బియ్యానికి పట్టించిన పసుపు నేరుగా కెమెరా నెత్తిన రాలుతుంది, దాని మీద చెమట వేలు నొక్కుతుంది. ఎండాకాలం లగ్గాల్లో ఆ వేలు ఎంత తడిగా ఉంటుందో చెప్పనక్కర లేదు.

మళ్లీ చుక్క, మళ్లీ నొక్కడం, మళ్లీ బడ్. పచ్చదనం తగ్గి తెల్లగా వచ్చేదాకా చేశాను. తరువాత ఎండలో పెట్టకుండా ఫ్యాన్ కింద వదిలేశాను. ఐపీఏ త్వరగానే ఎగిరిపోతుంది, అయినా సందుల్లో మిగిలితే బ్యాటరీ పెట్టగానే తంటా. సాయంత్రం దాకా ముట్టుకోలేదు.

సాయంత్రం బ్యాటరీ పెట్టి నొక్కితే ఠక్కుమంది. వెంటనే ఇంకోసారి, మౌనం. కొంచెం పక్కకు వత్తి నొక్కితే ఠక్. రాత్రి ఇంటికి పోయేముందు ఇంకో విడత చేశాను.

మంగళవారం, పానగల్

పొద్దున్నే బటన్ దాదాపు ప్రతిసారీ అందుకుంటోంది. వేలు మెత్తగా పెడితే ఎప్పుడో ఒకసారి తప్పుతోంది. తమ్ముడు వచ్చాడు. బల్ల మీద క్యాలెండర్‌నే ఎన్నిసార్లు తీస్తాం, బయట చూద్దామని బండి మీద పానగల్ పోయాం. ఊరిని ఆనుకునే ఉంటుంది. కుందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం, మూడు గర్భగుళ్ల గుడి. అందులో ఒక గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. నల్లగొండలో పుట్టిన ప్రతి పిల్లాడినీ బడివాళ్లు ఒకసారైనా తీసుకుపోయి ఆ నీడ చూపిస్తారు.

బయట ఎండలో తీసినంతసేపు ఇబ్బంది లేదు. మండపంలోకి పోయాక తమ్ముడి మొహం మారింది. "మల్ల షురువైంది అన్నా, పడతలేదు."

నేను తీసుకుని సగం నొక్కాను. బీప్ లేదు. లెన్స్ ముందుకూ వెనక్కూ కొట్టుకుని ఆగిపోయింది, పచ్చ చుక్క ఆడుతోంది. ఇది మన రోగం కాదు. అతను గురి పెట్టింది నున్నగా నూరిన నల్లరాతి స్తంభం మీద, చీకట్లో. ఆటోఫోకస్‌కు పట్టుకోవడానికి గీతో అంచో కావాలి, వెలుగు నీడల తేడా కావాలి. అది దొరకకపోతే ఈ మోడ్‌లో కెమెరా ఫొటో తీయనంటుంది, మసక బొమ్మ ఇవ్వడం ఇష్టం లేక. అంటే వద్దంటోంది. మనం అడిగింది దానికి తెలుసు. అదే స్తంభం మీద చెక్కిన పూసల వరుస అంచుకు గురి మార్చి సగం నొక్కితే బీప్ వచ్చింది, అట్లనే పట్టుకుని మళ్లీ నున్నటి భాగానికి తిప్పి మొత్తం నొక్కితే పడింది.

రెండింటి తేడా అతనికి అక్కడే చూపించాను. బీప్ వచ్చాక పడకపోతే బటన్‌ను అనుమానించు, బీప్ రాకముందే ఆగితే ఫోకస్‌ను అనుమానించు. ఎంఎఫ్‌కు తిప్పితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. లగ్గం మండపంలో అప్పగింతల వేళ కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు వచ్చే గడబిడకు ఇది పనికొస్తుంది.

నీడ కూడా తీశాడు. స్టాండు లేదు, కెమెరాను గడప పక్కన గుడ్డ మీద పెట్టి, రిమోట్‌తో కొట్టాడు. చేయి తగలలేదు కాబట్టి నెమ్మది షటర్‌లోనూ వణకలేదు. మార్కర్ గొట్టాన్ని చూసి అప్పటిదాకా నవ్వినవాడు తరువాత జేబులో పెట్టుకున్నాడు.

గురువారం

తొమ్మిదిన్నరకు ఫోన్. వెనుక సన్నాయి, డోలు. "అన్నా, బంద్ అయింది. జీలకర్ర బెల్లం ఇంకో పది నిమిషాలు."

"స్క్రీన్ మీద ఏమన్న రాసిందా?"

"కార్డు లాక్ అని రాసింది."

రాసిందంటే బటన్ మాట అందింది, కెమెరా వద్దంటోంది. కార్డు తీసి చూడమన్నాను. పక్కనున్న లాక్ ముక్క అరిగి వదులైంది, లోపలికి తోసినప్పుడల్లా దానంతటదే కిందికి జారుతోంది. ఆ ముక్కకు కార్డు లోపలి చిప్‌తో ఏ సంబంధమూ లేదు. అది వట్టి ప్లాస్టిక్. అది ఏ స్థానంలో ఉందో కెమెరా స్లాట్‌లోని చిన్న స్విచ్ తడిమి చూస్తుంది, అంతే. అందుకని ముక్కను పైకి జరిపి, దాని మీద సన్నటి సెల్లో టేప్ ముక్క అంటించమన్నాను, బంగారు పట్టీల మీదికి రాకుండా. టేప్ ఎక్కడ దొరుకుతుందంటాడు. కట్నాలు రాసే బల్ల దగ్గర కవర్లు అంటించడానికి ఉంటుంది చూడు అన్నాను. దొరికింది.

జీలకర్ర బెల్లం ఫొటో దొరికిందా అని తరువాత అడిగితే, దొరికింది కానీ పంతులు గారు రెండు నిమిషాలు ఆగారని చెప్పాడు. పాపం ఆయన పుణ్యం.

తరువాతి ఆదివారం

కెమెరా మళ్లీ బల్ల మీదికి వచ్చింది, ఈసారి పలకరింపుకు. లగ్గం మొత్తం బటన్ నడిచిందట. బంధువులందరినీ నిలబెట్టి తీసే గ్రూపు ఫొటోలకు మాత్రం స్టాండు మీద పెట్టి రిమోట్‌తో కొట్టాడట. మగపెళ్లివారిలో ఒక పెద్దమనిషి ఆ గొట్టాన్ని మైకనుకుని దాంట్లో ఆశీర్వదించాడట.

పై నుంచి చూస్తే బటన్ చుట్టూ మళ్లీ పసుపు. తలంబ్రాలప్పుడు బటన్ మీద పలుచటి ప్లాస్టిక్ కవర్ ముక్క వేసి రబ్బరు బ్యాండు కట్టుకోమన్నాను. ఒత్తుడు తెలుస్తుంది, పొడి దిగదు. ఇంటికి పోగానే మెత్తని బ్రష్‌తో దులపాలి, నోటితో ఊదొద్దు. ఊదితే ఉమ్మి తేమ తోడవుతుంది.

ఈ చుక్క వైద్యం ఎంతకాలం నిలుస్తుందో రేకుల అరుగుదలను బట్టి ఉంటుంది. పొర మాత్రమే అయితే ఏళ్లు నడవొచ్చు, రేకు మీది పూతే పోతే ఈ ఎండాకాలానికే మళ్లీ మొదలవుతుంది. మెత్తగా నొక్కినప్పుడు అప్పుడప్పుడు తప్పడం చూస్తే రెండోదే కావచ్చునని నా అనుమానం. అందుకని బటన్, దాని రిబ్బన్ కలిపి వచ్చే ముక్కకు కోఠి గుజరాతీ గల్లీలో తెలిసిన అతనికి మోడల్ నంబరు పంపాను. పాత కెమెరా పగిలి ముక్కలకు వస్తే తీసిపెడతానన్నాడు. అది వచ్చేదాకా పై కప్పు విప్పను. వచ్చినరోజు ముందు ఫ్లాష్ కెపాసిటర్‌ను ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకునే చేయి పెడతాను. కార్డు మాత్రం కొత్తది కొనమని గట్టిగా చెప్పాను, టేప్ వేసిన కార్డు స్లాట్‌లో చిక్కుకుంటే అది ఇంకో రిపేరు.

ఇక తమ్ముడి దోస్తు, మిర్యాలగూడలో స్టూడియో అతను, తనకూ అటువంటి మార్కర్ రిమోట్ ఒకటి కావాలంటున్నాడు. అతనిది వేరే కంపెనీ, జాక్ చదరంగా ఉందట. కెమెరా తెచ్చి చూపిస్తే తప్ప సరే అననని చెప్పి పంపాను.